పొల్లు ఏ మీటలో ఉన్నది?

తెలుగు ఉపాధ్యాయ మిత్రులకు, తల్లిదండ్రులకు ఒక మనవి.

వేలూరు, గుడియాత్తం ప్రాంతాల తెలుగు పిల్లల వ్రేళ్ళకు కీబోర్డుపై మొదట ఇంగ్లీషు, తరువాత తమిళం అలవడుతాయి. తెలుగు వంతు చివరిది. 2006 నాటి చట్టంతో బడులలో తమిళ పఠనం తప్పనిసరి అయినది. ఉన్న చోటి భాష నేర్వవలసినదే. కాని తెలుగు మీట నొక్కినపుడు కోరిన అక్షరం పడకపోతే ‘కంప్యూటరులో తెలుగు రాదు’ అని పిల్లవాడు తీర్మానించుకొంటాడు. పిమ్మట తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో వ్రాయసాగుతాడు. ఒత్తులు చేతికి దూరమవుతాయి. ఇందులో యంత్రదోషం చాలా తక్కువ. మనం చెప్పని పాఠమే ఎక్కువ.

తమిళనాడు ప్రభుత్వం 1999లో ప్రామాణికం చేసిన ‘తమిళ్ 99’ అమరికలో పుళ్ళి ‘ఎఫ్’ మీటపై ఉన్నది. భారతీయ భాషలకు ఉమ్మడిగా ఏర్పడిన ‘ఇన్‌స్క్రిప్ట్’లో మన పొల్లు ‘డి’ మీటపై ఉన్నది. ‘ఎఫ్’ నొక్కితే గుడి పడుతుంది. తమిళ అమరికలో మకారాన్ని రెండుసార్లు నొక్కితే నడుమ పుళ్ళి తానే చేరుతుంది. తెలుగులో అట్లే నొక్కితే ‘అమ్మ’కు బదులు ‘అమమ’ వస్తుంది. మ, పొల్లు, మ అని మూడు మీటలు నొక్కవలెను.

టెర్మినల్‌లో పనిచేసే ‘విమ్’ వంటి ఎడిటర్లో చిక్కు మరొకటి. అందులో వ్రాత మొదలుపెట్టుటకు ‘ఐ’ మీట ఆజ్ఞ. తెలుగు అమరికలో ఆ మీట ‘గ’ను పంపుతుంది, ఎడిటర్ కదలదు. కీబోర్డు చెడిపోలేదు. ఇంగ్లీషుకు మారి ఆజ్ఞ ఇచ్చి, తెలుగుకు మారి వ్రాయవలెను. ‘ఈమాక్స్’లో లోపలనే తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ఉన్నది. సిస్టమ్ అమరికను ఇంగ్లీషులోనే ఉంచి దానిని వాడితే ఆజ్ఞలకు భంగం ఉండదు.

ఇక టెర్మినల్ తెరపై అక్షరాలు సమానమైన గళ్ళలో కూర్చుంటాయి. అందుచేత ఒత్తులు విడివడి కనిపించవచ్చు. అదే ఫైలును సాధారణ ఎడిటర్లో తెరిచి చూడండి. అక్కడ సరిగా ఉంటే వ్రాత సరియైనదే, లోపం ప్రదర్శనలోనిది. కనుక పరీక్షించవలసిన వరుస ఇది: ఏ అమరిక ఉన్నది, ఎడిటర్ ఆజ్ఞ కోరుతున్నదా వ్రాతనా, తెర సరిగా చూపుతున్నదా.

ఇన్‌స్క్రిప్ట్ మనకు ఉపకరించే మరొక సంగతి ఉన్నది. తమిళ లిపిలో ఖ, ఘ లకు వేరు అక్షరాలు లేనందున మన పిల్లలు అల్పప్రాణ మహాప్రాణాలలో తడబడుతుంటారు. ఇన్‌స్క్రిప్ట్‌లో ‘క’ మీటనే షిఫ్టుతో నొక్కితే ‘ఖ’, ‘గ’ మీటతో ‘ఘ’. గుణింతపు గుర్తు ఉన్న మీటనే షిఫ్టుతో నొక్కితే అచ్చు. వర్ణమాల పాఠమంతా వ్రేళ్ళ క్రిందనే ఉన్నది.

కాబట్టి కీబోర్డును కంప్యూటరు మాష్టారికి వదిలివేయక, వారానికి ఒక్క పీరియడైనా తెలుగు తరగతిలోనే బోధించుదాం. ఇంట్లో తల్లిదండ్రులు పిల్లలచేత అమ్మమ్మకు ఒక ఉత్తరం తెలుగు లిపిలో టైపు చేయించండి. మన భాషకు ఇక్కడ గంటలు తక్కువ. ఉన్నవాటిలోనే ఈ పాఠానికి చోటు కల్పించవలెను.