కుటుంబ వేదిక: గాయపడిన గుర్రము, మూగబోయిన బిడ్డ



పోయిన నెల మా సంఘ యువజనులు ఒక ఇంగ్లీషు చిత్రాన్ని తెరపై చూపించారు. "గుడి ఆవరణలో సినిమా ఏమిటి?" అని కొందరు పెద్దలు సణిగారు. "చూచిన తరువాత మాట్లాడుకుందాము. మంచిచెడ్డలు మనమే పరీక్షించుకుందాము" అన్నారు పాస్టరుగారు. అలాగే చేశాము. ఆ మాటలే ఈ నెల మీ ముందుంచుతున్నాను.

చిత్రము పేరు 'ది హార్స్ విస్పరర్'. నికొలస్ ఎవన్స్ వ్రాసిన నవల 1995లో వెలువడింది. దాని ఆధారముగా రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ 1998లో ఈ చిత్రము తీసి, ముఖ్యపాత్ర తానే ధరించారు. గ్రేస్ అనే బాలిక, ఆమె స్నేహితురాలు మంచు కప్పిన దారిలో గుర్రాలపై పోతుండగా పెద్ద లారీ ఢీకొంటుంది. స్నేహితురాలు, ఆమె గుర్రము అక్కడే చనిపోతారు. గ్రేస్‌కు ఒక కాలు తీసివేయవలసి వస్తుంది. ఆమె గుర్రము పిల్‌గ్రిమ్ బ్రతుకుతుంది గాని, మనిషి దగ్గరకు వస్తే చాలు బెదిరి మీదపడుతుంది. దానిని చంపించడమే మేలని చెప్పినా తల్లి ఆనీ ఒప్పుకోదు. కూతురిని, గుర్రాన్ని వెంటబెట్టుకొని న్యూయార్కు నుండి వేల కిలోమీటర్ల దూరాన ఉన్న మొంటానాకు, టామ్ బుకర్ అనే గుర్రాల శిక్షకుని దగ్గరకు బయలుదేరుతుంది.

చిత్రము ముగియగానే మొదట లేచినది ఒక రైతు. "కాలు విరిగిన ఎద్దును మనము సంతకు తోలేస్తాము. పనికిరాని గుర్రానికి ఇంత ఖర్చా? డబ్బున్నవారి ముచ్చట ఇది" అన్నారు. మాట కటువుగానే ఉన్నా అందులో నిజము లేకపోలేదు. అప్పు చేసి మేత కొనేవానికి మరొక దారి కనబడదు.

అప్పుడు పశువైద్యశాలలో పనిచేసి రిటైరయిన ఒక సహోదరుడు వివరించారు. గుర్రము నాలుగైదు వందల కిలోల బరువును సన్నని కాళ్లపై మోస్తుంది. ఎక్కువ కాలము పడుకొని ఉండలేదు. ఒక కాలు చెడితే బరువంతా మిగిలిన కాళ్లమీద పడి, వాటి గిట్టలలో కూడా వాపు పుడుతుంది. అందుచేతనే చాలా గాయాలలో వైద్యులు ఆశ వదులుకుంటారు. "అయితే ఈ గుర్రానికి అసలు దెబ్బ కాలికి కాదు, నమ్మకానికి తగిలింది" అన్నారాయన.

కోనసీమ నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక తాతగారికి 1996 నవంబరు 6 నాటి తుపాను గుర్తుకు వచ్చింది. వారి గేదె ఒకటి ఆ రాత్రి బ్రతికింది గాని, తరువాత గాలి వీస్తే వణికేదట, పాకలోకి అడుగు పెట్టేది కాదట. "నేను పలుపు పట్టి లాగేవాణ్ణి. మా ఆవిడ మాత్రము రోజూ సాయంత్రము పచ్చగడ్డి పట్టుకొని దూరముగా కూర్చునేది. చివరకు అది ఆవిడ వెంటే పాకలోకి వెళ్లింది" అన్నారు. అందరమూ నవ్వాము గాని, చిత్రమంతా ఆ మాటలోనే ఉంది.

ఎందుకంటే, టెలిఫోను మోతకు బెదిరి పిల్‌గ్రిమ్ పారిపోయినప్పుడు టామ్ దానిని వెంబడించడు. పచ్చిక బయలులో గంటల తరబడి ఊరకనే కూర్చుంటాడు. ప్రొద్దు వాలే వేళకు గుర్రమే మెల్లగా అతని దగ్గరకు వస్తుంది. ఇది కేవలము కల్పన కాదు. ఆ పాత్రకు ప్రేరణనిచ్చినవారిలో బక్ బ్రానమన్ అనే శిక్షకుడు ఉన్నారు, చిత్రానికి ఆయనే సలహాదారుగా కూడా పనిచేశారు. చిన్నతనములో కన్నతండ్రి చేత విపరీతముగా దెబ్బలు తిని, వేరొకరి ఇంట ఆదరణతో పెరిగినవాడాయన. భయమంటే ఏమిటో ఆయన తన ఒంటిమీదనే ఎరుగును.

అభ్యంతరాలు కూడా వచ్చాయి. చివర గుర్రాన్ని త్రాళ్లతో పడుకోబెట్టి గ్రేస్‌ను ఎక్కించడము బలవంతము కాదా అని యువకులు అడిగారు. ఆ దృశ్యము నాకూ కష్టముగానే తోచింది. ఇక భర్త ఉన్న ఆనీ మనస్సు టామ్ వైపు తిరగడము స్త్రీల కూటము వారికి నచ్చలేదు. నవలలో టామ్ చనిపోతాడు. చిత్రములో ఆ ముగింపు మార్చారు, ఆనీ తన ఇంటికి మరలిపోతుంది. అయినను ఆ భాగము, మొదటనున్న ప్రమాద దృశ్యము చిన్నపిల్లలకు తగవు. దాదాపు మూడు గంటల చిత్రము గనుక తలిదండ్రులు ముందుగా చూచి నిర్ణయించుకొనవలెను.

అందరూ లేవబోతుండగా వెనుక వరుసలో ఒక తల్లి కన్నీళ్లతో నిలబడింది. ఆమె కుమారుడు మోటారు సైకిలు ప్రమాదములో బ్రతికాడు, వెనుక కూర్చున్న స్నేహితుడు చనిపోయాడు. మూడు నెలలుగా ఆ అబ్బాయి గది దాటడము లేదు. "మగపిల్లవాడివి, లే" అని బంధువులు, "విశ్వాసము లేదా నీకు?" అని మనవారు. "నేనూ రోజూ లే, లే అంటున్నానమ్మా. ఒక్కనాడూ వాడి ప్రక్కన ఊరకనే కూర్చోలేదు" అన్నదామె.

ఆ మాటకు ఎవరమూ జవాబు చెప్పలేకపోయాము. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా నేలను కూర్చున్నంత కాలము మంచివారే. నోరు తెరచిన తరువాతనే గాయపరచారు. చావు కోరి బదరీవృక్షము క్రింద పడుకొన్న ఏలీయాను దేవుడు మొదట గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె పెట్టించాడు, తరువాతనే మాట్లాడాడు. మనమేమో మొదటి దినమే ప్రసంగము మొదలుపెడతాము.

ఒక్క హెచ్చరిక. ఇట్టి బిడ్డ నిద్రాహారాలు మానినా, చావును గూర్చి మాట్లాడినా వెంటనే వైద్యుని దగ్గరకు తీసుకొనివెళ్లండి. అది అవిశ్వాసము కాదు. ప్రార్థన, వైద్యము రెండూ చేయండి.

మొన్న ఆదివారము ఆ తల్లిని అడిగాను. అబ్బాయి ఇంకా గుడికి రాలేదు. అయితే ఒక సాయంత్రము వచ్చి అరుగు మీద ఆమె ప్రక్కన కూర్చొని, చనిపోయిన స్నేహితుని పేరు మొదటిసారి పలికాడట. "నేనేమీ అనలేదమ్మా, విన్నాను" అన్నదామె.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో యోబు 2:11-13, 1 రాజులు 19:1-8, సామెతలు 12:10 చదువుకొనండి. మీ ఇంట మూగబోయినవారు ఎవరైనా ఉన్నారేమో ఆలోచించండి. ఈ విషయమై మీ అభిప్రాయాలు కూడా వ్రాయండి. ప్రభువు మీ గృహములను ఆదరించును గాక.