శిలారోహణ క్రీడయు, మన సీమ యువకులును

ప్రతి సంవత్సరమును వసంతకాలము మొదలు శరత్కాలము వఱకు నానాదేశముల యువతీయువకులు దేశమునుండి దేశమునకు బోయి, ఎత్తైన గోడలపై బ్రాకి పోటీ పడుచున్నారు. 2025వ సంవత్సరమున ఈ పోటీలు చైనాలోని వూజియాంగు, ఇండోనీషియాలోని బాలి, ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్, ఫ్రాన్సులోని షామొనీ మున్నగు తావుల జరిగి, సెప్టెంబరు నెలలో కొరియా రాజధానియగు సియోలున ప్రపంచ విజేతల నిర్ణయముతో పరాకాష్ఠ నందినవి. దీనికే శిలారోహణ క్రీడయని పేరు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్ ఉత్సవములలో ఈ క్రీడ మొదటిసారి స్థానము పొందెను. 2024లో పారిస్ నగరమున రెండవసారి జరిగెను. ఈ రెండు సందర్భములందును నూటనలువది కోట్ల ప్రజగల మన దేశము పక్షమున గోడనెక్కిన యువకు డొక్కడును లేడు, యువతి యొక్కతెయు లేదు. ఈ లోపము కొండలు లేకపోవుటచే గలిగినది కాదు. గండికోటను గన్నులార జూచిన జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతవాసులకు ఈ మాట వేఱుగ జెప్ప నక్కఱలేదు.

ఈ క్రీడయందు మూడు విధములు గలవు. మొదటిది వేగము. 15 మీటర్లు, అనగా రమారమి 49 అడుగుల ఎత్తుగల గోడ; ఇరువురు ప్రక్కప్రక్కన నిలిచి, గంట మ్రోగినంతనే పైకి బ్రాకుదురు. రెండవది పొట్టి గోడలపై బ్రాకుట. ఇందు త్రాడు లేదు. క్రింద మందమైన పఱుపులుండును. ఒక్కొక్క గోడయు ఒక్కొక్క చిక్కుముడివంటిది; నిర్ణీతకాలములో దానిని విప్పవలయును. మూడవది దీర్ఘారోహణము. ఇందు నడుమునకు త్రాడు గట్టుకొని, ఆఱు నిమిషములలో ఎంతవఱకు బ్రాకగలిగిన నంతవఱకే లెక్క. జాఱినచో మఱల ప్రయత్నించుటకు వీలులేదు. ఈ దీర్ఘారోహణమున ఒక విశేషము గలదు. ఎక్కబోవు త్రోవను ముందుగా చూచుకొనుటకు పోటీదారుల కందఱకును కొలది నిమిషములు గడువిత్తురు. అప్పుడు ప్రత్యర్థులే యొకచో జేరి, ఏ పట్టు నేచేతితో నందుకొనవలెనో తమలో దాము చర్చించుకొందురు. పిమ్మట వారు పోరాడునది గోడతోనేగాని యొకరితో నొకరు కాదు.

ఇది హిమవత్పర్వతములుగల దేశములకే తగిన క్రీడయని తలంచువారు పారిస్ ఫలితములను గమనింతురుగాక. పురుషుల వేగారోహణమున బంగారు పతకము గెలిచినవాడు ఇండోనీషియా దేశీయుడగు వెడ్రిక్ లియొనార్డో. అంతిమ పందెమున ఆ 15 మీటర్ల గోడను అతడు 4.75 సెకండ్లలో ఎక్కెను. స్త్రీల పందెమున పోలండు దేశీయురాలు అలెగ్జాండ్రా మిరోస్లావ్ 6.10 సెకండ్లలో గెలిచెను. తక్కిన రెండు విధములు గలిపిన పోటీలో ఆంగ్లదేశపు యువకుడు టోబీ రాబర్ట్సు, స్లొవేనియా దేశపు యువతి యాన్యా గార్న్‌బ్రెట్ అగ్రస్థానము లందిరి. ఆంగ్లదేశమునందు మహాపర్వతము లెక్కడ? ఇండోనీషియావారు మన వలెనే ఎండలో చెమటోడ్చి బ్రదుకువారు. 2024వ సంవత్సరమునకు పూర్వము ఒలింపిక్ బంగారు పతకము వారికి బాడ్మింటనులో దప్ప వేఱొక క్రీడలో దక్కి యుండలేదు. వారికి గోడ గలదు, గురువు గలడు, ఏటేట తప్పని పోటీల క్రమము గలదు. ఈ మూడును గూడినచో కొండ లేకున్నను లోపములేదు. ఈ మూడును లేనిచో కొండయుండియు ఫలములేదు.

మనకు గల కొండను గూర్చి యోచింతము. జమ్మలమడుగునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున పెన్నానది ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని ప్రవహించుచున్నది. దాదాపు 300 అడుగుల లోతున, బండపై బండ పేర్చినట్లు నిలువుగ నిలిచిన ఆ ఎఱ్ఱని గోడలను జూచుటకు దూరదేశములనుండి జనులు వచ్చుచున్నారు. పొరుగు కర్ణాటకమున బాదామి గుట్టలకును, హంపి బండలకును నానాదేశముల శిలారోహకులు వెదకికొని వచ్చి, నెలల తరబడి విడిసి సాధన చేయుదురు. మన ప్రాంతపు బాలుడు మాత్రము తన యింటి నేలకు బఱచిన కడప బండను దప్ప రాతిని మఱియొక విధముగ నెఱుగడు. రాయి గొట్టుట మనకు జీవనోపాధియైనది. రాయి యెక్కుట విద్య కాలేదు.

తెలుగువారి కీ సాహసము క్రొత్తదియు గాదు. పెన్న సముద్రమున గలియు నెల్లూరు జిల్లాయందు జన్మించిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండములందలి అత్యున్నత శిఖరములను 172 దినములలో నధిరోహించెను; 2015లో ఆండీస్ పర్వతములపై ప్రాణము విడిచెను. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమున కూలిపని చేసికొను తల్లిదండ్రులకు బుట్టిన మాలావత్ పూర్ణ, పదునాలుగేండ్లైనను నిండకమునుపే, 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖరముపై నిలిచెను. ఆమె మొదట రాతిని బట్టుట నేర్చినది భువనగిరి బండపై. ఒక బండయు, ఒక గురువును, ఒక సంక్షేమ గురుకుల పాఠశాలయు గలిసినందున ఆ ఫలము లభించెను. గండికోటలో ప్రభుత్వమువారు సాహసక్రీడలకు శిక్షణాలయము నెలకొల్పుట హర్షణీయమే. కాని యాత్రికులు ఒక దినము వినోదించి పోవుటకును, స్థానిక బాలబాలికలు పదేండ్లు తపస్సు చేయుటకును గల భేదమును గుర్తింపవలయును. మనకు గావలసినది రెండవది.

ఇచట మేము కొంత నిష్ఠురమైన మాట చెప్పవలసి యున్నది. మన తాలూకాల యువకులకు సాహసము కొఱతయని శత్రువైనను అనజాలడు. ఆ సాహసము గడచిన శతాబ్దమున ఏ త్రోవల బోయినదో మన పాఠకు లెఱుగుదురు. గ్రామకక్షలలో ఎన్ని కాపురములు కూలెను! ఎన్ని చేలు బీడువడెను! ఎందఱు తల్లులు కోర్టు మెట్లకడ కన్నీరు గార్చిరి! కక్షకు మూలము పెద్దల పంతములైనను, ముందు నిలిచి నెత్తురు జిందినది పిన్నలే. కాలము మాఱినది, కక్షలు చాలవఱకు సడలినవి, సంతోషమే. అయినను ఉడుకునెత్తురునకు తగిన పని చూపనిదే, పాత త్రోవ మఱల తెఱచుకొనదని యెవరు పూచీ పడగలరు?

శిలారోహణమున ఎక్కువాడు త్రాటి యొక కొనను నడుమునకు గట్టుకొనును. రెండవ కొన క్రింద నిలిచినవాని చేతిలో నుండును. పైవాడు జాఱినపుడు వాని ప్రాణము క్రిందివాని శ్రద్ధపై నాధారపడును. మఱునిమిషమున వంతులు మాఱును. తాతల నాటినుండి పలుకరించుకొనని రెండు గ్రామముల బాలురను ఒక్క త్రాటి రెండు కొనలకు గట్టుడు. శాంతిసభల ఉపన్యాసములు చేయజాలని పనిని ఆ త్రాడు చేయునని మా విశ్వాసము. మేము ఈ క్రీడను గోరుటకు ప్రధానకారణము పతకము కాదు, ఇదియే.

దీనికి మూడు ఆక్షేపణలు వినవచ్చును. అపాయకరమనుట మొదటిది. సరియైన త్రాడును, పఱుపులును, నేర్చిన గురువును లేనిచో అపాయకరమే. ఈతరాని పిల్లలు బావులలో బడి చనిపోవుచున్నారని ఈత మానిపింపము, ఈత నేర్పుదుము. పరదేశపు క్రీడ యనుట రెండవది. ఉట్లపండుగనాడు చమురు పూసి నున్నజేసిన మానుపై, క్రిందనుండి నీళ్లు చల్లుచుండగా ఎగబ్రాకు మన పల్లె పడుచువాండ్రను జూచినవా డీ మాట పలుకడు. ఇక మూడవది బరువైనది. నీటికి నోచని సీమకు గోడ లేలయని కొంద ఱందురు. నీటికై పోరాడుట మేము మానము, మానుడనియు జెప్పము. కాని కాలువలు వచ్చువఱకు బాలురు బాలురుగనే నిలిచియుందురా? వారి వయస్సు నీటివలె ఆనకట్టలో నిలుచునది కాదు.

ధనమెక్కడిదని యడుగుదురేమో. 2024లో కేంద్రప్రభుత్వము గండికోట అభివృద్ధికై దాదాపు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసెను. బసలకును, దీపములకును వెచ్చింపబడు ద్రవ్యముతోబాటు, ఆ ప్రాంతపు పిల్లల శిక్షణకును కొంత భాగము కేటాయింపవలెనని ప్రజాప్రతినిధులు గట్టిగ గోరవలయును. అయితే సర్కారు చేతివైపే చూచుచు గూర్చుండుట మన గౌరవమునకు దగదు. దసరా మహోత్సవములను కన్నులపండువుగ జరుపు ప్రొద్దుటూరు వర్తకులకు ఒక గోడ కట్టించుట భారమా? చీనీతోటలు, అరటితోటలు పండించు పులివెందుల రైతులు, జమ్మలమడుగు భూస్వాములు తలకొక కొంత వేసికొన్నచో కానిదేమున్నది? త్రాడు లేని పొట్టి గోడతో ఆరంభింపవచ్చును. నాలుగైదు మీటర్ల ఎత్తున పలకలు బిగించి, పట్టులు తాపి, క్రింద పఱుపులు వేసి, ఎండ తగులకుండ పైకప్పు వేసినచో ఒక కళాశాల ఆవరణము చాలును. పట్టులను విప్పి మార్చినచో అదే గోడ ప్రతి మాసమును క్రొత్త పాఠమగును. పిమ్మట మూడు పట్టణములును గలిసి 15 మీటర్ల వేగపు గోడ నొకదానిని నిలుపవచ్చును. ఆ గోడయొక్క కొలతయు, పట్టుల వరుసయు ప్రపంచమంతటను ఒక్కటే. కావున జమ్మలమడుగు బాలుడు తన కాలమును పారిస్ విజేత కాలముతో ఇంటనుండియే పోల్చి చూచుకొనగలడు. ఇట్టి సదుపాయము మఱి యెన్ని క్రీడలలో గలదు?

మఱియొక హెచ్చరిక. కోటగోడల సమీపమున ఎవరికి దోచినట్లు వారు రాతికి రంధ్రములు దొలిచి మేకులు దిగగొట్టుట కూడదు. గండికోట మన పూర్వుల కీర్తిచిహ్నము. అందలి దేవాలయములకును మసీదునకును సమీపమున రాతిపై ఉలి వేయుటకు ముందు పురావస్తుశాఖవారి అనుమతియు, నిపుణుల సలహాయు నవశ్యకములు. ఊరిలో గోడపై చేయి తిరిగినవాడే కొండ నెక్కుటకు దగినవాడు.

వేసవిలో మన రాయి చేతికి నిప్పువలె తగులును. కావున లోకపు పోటీలు ముగియు శరత్కాలమే మన పోటీల కారంభము గావలయును. పంటపనులు తగ్గిన దినములలో, మార్గశిరము మొదలు మాఘము వఱకు, మూడు పట్టణములును వంతులవారీగ పందెములు జరుపుకొని, గండికోటలో ముగించుట యుక్తము. బాలికలకును బాలురతో సమానముగ ప్రవేశముండవలయును; పూర్ణ యిచ్చిన సాక్ష్యము చాలును.

2016, 2017 సంవత్సరములలో నవీ ముంబయి ప్రపంచ పోటీలకు ఆతిథ్య మిచ్చెను. చేయదలచినచో చేయగలమని దేశము అప్పుడే నిరూపించినది. 2028లో లాస్ ఏంజిలిస్ నగరమున మూడు విధములకును వేఱువేఱు పతకములు ఏర్పడనున్నవి. నేడు గోడ కట్టినంతమాత్రమున నాటికి పతకము వచ్చునని మేము భ్రమ పెట్టజాలము. నేడు పదేండ్ల ప్రాయముగల పిల్లను గోడకడకు గొనిపోయినచో, ఆ తరువాతి ఒలింపిక్కులకైనను ఆమె సిద్ధము గాగలదు. పతకము వచ్చినను రాకున్నను, ఆమె త్రాడు పట్టిన పొరుగూరి పిల్ల ఆమెకు జన్మాంతము చెలికత్తె యగును. మూడు పట్టణముల పెద్దలు ఈ దసరాకు ముందే యొకచో సమావేశమై, మొదటి గోడకు స్థలము నిర్ణయింతురుగాక యని మేము విన్నవించుచున్నాము.