మన పెట్టెలు, మన బాధ్యత

అమ్మానాన్నలు కూలి డబ్బులతో కొనిచ్చిన ట్రంకు పెట్టెలు వానాకాలం దాటేసరికి తుప్పు పడుతున్నాయి. గాలిలోని ఆక్సిజన్, తేమ కలిసి ఇనుమును తినేస్తాయి. లవంగ నూనెలోని యూజెనాల్ ఉక్కుకు అంటుకొని తుప్పును తగ్గిస్తుందని ఆమ్లాలతో చేసిన ప్రయోగాల్లో తేలింది. కానీ సుగంధ తైలాలు ఆవిరైపోతాయి, పైగా ఖరీదు. కాబట్టి మన పెట్టెకు అది ఒక్కటే చాలదని మా అభిప్రాయం. అవిసె నూనె అయితే గాలి తగిలి గట్టి పొరలా ఆరుతుంది. ఏటా హాస్టలు తెరవగానే ఎమరీ పేపరుతో తుప్పు రుద్ది, పొడిగా తుడిచి, ఆ నూనె పలుచగా పూద్దాం. నూనె గుడ్డలు కుప్పగా వేస్తే వాటంతటవే అంటుకోవచ్చు. ఆరుబయట పరిచి ఆరబెట్టాలి. పాత విద్యార్థులైన అన్నలూ, ఒక డబ్బా నూనె ఇప్పించండి. తమ్ముళ్లూ, కొత్త పెట్టె అడిగే ముందు ఉన్నదాన్ని కాపాడుకుందాం.