ఆయనకు లేఆఫ్, ఆమెకు సెలవు

భర్త ఉద్యోగం పోతే భార్య పనిలోకి దిగి ఇల్లు నిలబెట్టడం మనకు కొత్తేమీ కాదు. పంట పోయిన ఏడాది ఆడవాళ్లు కూలికి వెళ్లడం, కుట్టు మిషన్ ముందు కూర్చోవడం చూస్తూ పెరిగినవాళ్లమే. అమెరికాలోనూ అంతే. 2008-09 మాంద్యంలో నిర్మాణరంగం, ఫ్యాక్టరీలు దెబ్బతిని మగవాళ్ల ఉద్యోగాలే ఎక్కువగా ఊడాయి. చాలా ఇళ్లు భార్యల జీతాలతో గట్టెక్కాయి. 2020లో కరోనా ఈ వరుసను తిరగేసింది. హోటళ్లు, దుకాణాలు, డేకేర్లు మూతపడి ఆడవాళ్లే ముందు రోడ్డున పడ్డారు. బడులూ మూసేయడంతో పిల్లల బాధ్యత కూడా వాళ్ల నెత్తినే పడింది.

ప్రభుత్వ లెక్కల్లో ఒక తిరకాసుంది. గడిచిన నాలుగు వారాల్లో పని కోసం ప్రయత్నించినవారినే నిరుద్యోగులంటారు. విసిగి వెతకడం మానేస్తే శ్రామికశక్తి లెక్కలోంచే తప్పిస్తారు. నిరుద్యోగ శాతం తగ్గిందని సంబరపడేముందు ఇది గుర్తుంచుకోవాలి.

మన ఇళ్ల సంగతి మరీ విచిత్రం. హెచ్-4 మీద వచ్చినవారికి 2015 మే దాకా పని చేసే హక్కే లేదు. 2001లో డాట్‌కామ్ బుడగ పేలి ఆయన బెంచ్ మీద కూర్చున్నా, ఎంసీఏ చదివిన ఆవిడ ఏమీ చేయలేని పరిస్థితి. పని వెతకదు కాబట్టి ఆవిడ నిరుద్యోగి కూడా కాదట! 2015 తర్వాత, ముఖ్యంగా ఐ-140 ఆమోదం పొందినవారి జీవిత భాగస్వాములకు పర్మిట్లు వచ్చాయి. కానీ వాటిని ఆయన హెచ్-1బికే ముడేశారు. లేఆఫ్ వస్తే ఆయనకు గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఈలోగా మరో కంపెనీ దొరక్కపోతే ఆయన స్టేటస్‌తోపాటు ఆమె పనీ పోతుంది. ఆమె జీతం అక్కరకు రావలసిన వేళకే అది ఆగిపోవడం ఏం న్యాయం? 2022 చివర్లో టెక్ కంపెనీలు వేలమందిని తీసేసినప్పుడు ఈ ఇబ్బంది మన ఇళ్ల దాకా వచ్చింది.

ఐ-140 ఆమోదమైన కుటుంబాల్లో భాగస్వామి పర్మిట్‌ను లేఆఫ్‌తో ముడిపెట్టకూడదని మేము కోరుతున్నాం. మన సంఘాలు మహాసభల్లో సినీతారలకిచ్చే సమయంలో ఓ గంట దీనికీ కేటాయిస్తే బాగుంటుంది. హెచ్-4 మీద ఇంట్లో ఉన్న మగవాళ్లూ ఉన్నారు మరి. "ఇంకా ఏమీ దొరకలేదా బాబూ?" అని చుట్టాలు ఫోన్ చేసి మరీ అడుగుతారు. ఆడవాళ్లనైతే ఆ మాట అడిగేవారే లేరు.

2025 అక్టోబర్ 30 నుంచి రెన్యూవల్‌కు పెట్టినవారికి ఆటోమేటిక్ పొడిగింపు తీసేశారు. కార్డు ఆలస్యమైతే, ఉద్యోగం ఉండీ ఇంట్లో కూర్చోవాలి. గడువుకు 180 రోజుల ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు. మీ కార్డు మీది తేదీ ఒకసారి చూసుకోండి.