మగ్గం ఇంటి పిల్లలకు ప్రోగ్రామింగ్ కొత్తా?

పర్వత్ పాటియా పరిసరాల్లో మరమగ్గాల పనితో బతికే తెలుగు కుటుంబాలు ఎన్నో. ప్రోగ్రామింగ్ కోర్సు మాటెత్తితే ఆ ఇళ్ల పిల్లలు "మా ఇంట్లో ఎవరికీ తెలియదు కదా" అని వెనకాడడం చూస్తున్నాం. ఆ జంకు అక్కర్లేదంటాం.

1804లో ఫ్రాన్సులో జకార్డ్ మగ్గానికి రంధ్రాల అట్టలు అమర్చాడు. రంధ్రముంటే పడుగు దారం లేస్తుంది, లేకుంటే లేవదు. ఇంగ్లండులో బాబేజ్ తన గణన యంత్రం రూపకల్పనకు ఆ అట్టలనే ఎంచుకున్నాడు. 'ఇలా ఉంటే ఇది చెయ్యి, లేకుంటే అది చెయ్యి' అన్నది నేటి ప్రోగ్రామింగ్‌లోనూ తొలి పాఠాల్లో ఒకటి.

'స్వయం' పోర్టల్‌లో విశ్వవిద్యాలయ స్థాయి ప్రారంభ కోర్సుల పాఠాలు ఉచితం; సర్టిఫికెట్ పరీక్షకే రుసుము. పన్నెండో తరగతి పూర్తయిన సెలవుల్లో ఒకటి మొదలుపెట్టండి. నేర్చుకున్న పాఠాన్ని అమ్మానాన్నలకు తెలుగులో చెప్పండి. వారికి అర్థమైతే అది మీకు వచ్చినట్టే.