క్రియ చివర్లో ఉంటే మనకి భయమెందుకు?

మా హాస్టల్లో జర్మన్ తర్వాత ఎక్కువగా వినబడుతున్న పేరు డచ్. డెల్ఫ్ట్, ఐంధోవన్ యూనివర్సిటీలు, వెల్డ్‌హోవన్‌లో చిప్‌ల తయారీకి మెషీన్లు చేసే ఏఎస్‌ఎంఎల్... కారణాలు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నేను మాట్లాడేది నేర్పే పద్ధతి గురించి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నుంచి వచ్చిన మనలాంటి వాళ్లకి డచ్‌ని ఇంగ్లీషు ద్వారా మాత్రమే నేర్పితే సగం పాఠమే చెప్పినట్టు. మిగతా సగం మన తెలుగులో ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోవట్లేదు.

మిర్యాలగూడ మిత్రుడొకడు పదో తరగతి దాకా తెలుగు మీడియం. డచ్ నేర్చుకుందామని ఒక కోచింగ్ సెంటర్‌కి పోతే, "ముందు ఇంగ్లీషు బాగు చేసుకొని రా తమ్మీ" అని పంపించేశారు. వాడు ఆ మాట నమ్మి ఆరు నెలలుగా ఇంగ్లీషు గ్రామర్ పుస్తకం పట్టుకు తిరుగుతున్నాడు. ఇది మిర్యాలగూడ నుంచి కోదాడ పోవాలంటే హుజూర్‌నగర్ దారి వదిలేసి సూర్యాపేట మీదుగా తిరిగి పొమ్మన్నట్టు ఉంది. చేరతాం, కానీ ఎందుకు?

ఇంగ్లీషు అవసరం లేదని అనట్లేదు. డచ్, ఇంగ్లీషు దగ్గరి చుట్టాలు. నీళ్లు వాతర్, పుస్తకం బూక్, చెయ్యి హంత్. మాటల సంగతిలో ఇంగ్లీషు చేసే సాయం తెలుగు చెయ్యలేదు. అమెరికా విదేశాంగ శాఖ తమ ఉద్యోగులకి డచ్ నేర్పడానికి సుమారు 24 వారాలు పెట్టుకుంటే, తెలుగుకి 44 వారాలు పెట్టుకుంది. ఆ లెక్క ఇంగ్లీషు ఇంటి భాషగా పెరిగిన వాళ్లది. మనకి ఆ 44 వారాల భాష అమ్మ దగ్గరే వచ్చేసింది, ఇంగ్లీషు కూడా ఎంతో కొంత వచ్చు. అలాంటప్పుడు ఒక చేతిని కట్టేసుకొని ఈత నేర్చుకోవడం దేనికి?

అసలు చిక్కు వాక్యం దగ్గర మొదలవుతుంది. "అతను రేపు కోదాడకి వస్తాడని నాకు తెలుసు" అనే మాట డచ్‌లో ఇట్లా ఉంటుంది: ఇక్ వేట్ దత్ హెయ్ మోర్ఖన్ నార్ కోదాడ కోమ్త్. మొదటి రెండు మాటలు "నాకు తెలుసు". తర్వాత వరుస చూడండి: హెయ్ అంటే అతను, మోర్ఖన్ రేపు, నార్ కోదాడ కోదాడకి, కోమ్త్ వస్తాడు. అతను, రేపు, కోదాడకి, వస్తాడు! మన వరుసే. "అని" అనే అర్థమిచ్చే దత్ ముందొచ్చి కూర్చుంది, "కి" బదులు నార్ ఊరి పేరుకి ముందు నిలబడింది. తేడా అంతే.

ఇంగ్లీషులో నేర్పే సార్లు ఈ చోట పది నిమిషాలు బోర్డు నింపుతారు, ఉపవాక్యంలో క్రియ చివరికి "తన్నుకుపోతుంది" అని. తన్నుకుపోవడమేంటి? మనకి అది పుట్టినప్పటి నుంచీ ఉన్న చోటే కదా. నిన్న సూర్యాపేటలో బిర్యానీ తిన్నానని చెప్పాలంటే, ఇక్ హెప్ ఖిస్తరన్ ఇన్ సూర్యాపేట బిర్యానీ ఖఖేతన్. నేను, నిన్న, సూర్యాపేటలో, బిర్యానీ, తిన్న. మధ్యలో దూరిన హెప్ సహాయక్రియ, ఇలాంటి మామూలు ప్రధాన వాక్యంలో అది రెండో స్థానంలోనే ఉంటుంది. ఆ రెండో స్థానం నియమం ఒక్కటి పట్టుకుంటే చాలు. "మోర్ఖన్ కోమ్త్ హెయ్" అన్నా మనకి వింత కాదు. "రేపొస్తడు వాడు" అని ఇంట్లో రోజూ అంటూనే ఉంటాం.

ఇంకా ఉన్నాయి. నువ్వు, మీరు అనే తేడా ఇంగ్లీషులో పోయింది, డచ్‌లో యెయ్, యూ అని ఉంది. "నాకు అది నచ్చింది" లాగే "దత్ బఫాల్త్ మ", అంటే నచ్చినది కర్త, నేను పక్కన. అమ్మాయి అనే మాట, మెయ్‌షె, డచ్‌లో నపుంసకలింగం అని చెబితే క్లాసంతా నవ్వుతుంది. ఆమె వచ్చింది, బస్సు వచ్చింది అని ఒకే క్రియ వాడేవాళ్లం మనం, మనకెందుకు నవ్వు?

తెలుగు చేతులెత్తేసే చోట్లు కూడా చెప్పాలి. ఏ నామవాచకానికి ద, దేనికి హెత్ అన్నది బట్టీ పట్టాల్సిందే. హల్ఫ్ ద్రీ అంటే మూడున్నర కాదు, రెండున్నర. ఇక్కడ తెలుగూ ఇంగ్లీషూ రెండూ ముంచుతాయి. 25ని "ఐదూ ఇరవై" అని తిప్పి చెప్తారు. ఇక గొంతులోంచి గీసినట్టు వచ్చే ఆ ఖ శబ్దం కోసం కోదాడలో ఉర్దూ మాట్లాడే దోస్తు దగ్గరికి పోండి. ఖబర్, ఖుదా అన్నప్పుడు అతని నోట్లో పలికేది దాదాపు అదే. ఏ యాప్ కంటే బాగా నేర్పుతాడు, చాయ్ ఖర్చుతో.

"మాస్టర్స్ అక్కడ ఇంగ్లీషులోనే, జనానికీ ఇంగ్లీషు వచ్చు, నీకెందుకీ బాధ" అని సీనియర్లు అంటారు. చదువు వరకు నిజమే. కానీ మునిసిపాలిటీ నుంచి వచ్చే ఉత్తరం, ఇంటి అద్దె కాగితం, భోజనం బల్ల దగ్గర తోటి ఉద్యోగుల జోకు డచ్‌లో ఉంటాయి. పౌరసత్వం కావాలంటే భాషా పరీక్ష ఉండనే ఉంది.

ఒకప్పుడు వాళ్లే మన దగ్గరికి వచ్చారు. మన ఊళ్ల మీదుగా పోయే 65వ నంబరు హైవే చివర మచిలీపట్నంలో 1605-06 నాటికే డచ్చివాళ్లు దిగారు. ఖమ్మం జిల్లా నాగులవంచలోనూ వాళ్లకి వర్తక స్థావరం ఉండేది. గోల్కొండ రాజ్యంలో కంపెనీ కొలువు చేసిన డేనియల్ హావర్ట్ సాదీ రాసిన బోస్తాన్‌ని ఫారసీ నుంచి డచ్‌లోకి మార్చాడు, 1688లో అచ్చయింది. దర్బారు భాష ఫారసీ కాబట్టి అటు వెళ్లి ఉంటాడని నా ఊహ. జనం భాష తెలుగుకి దుబాసీలు ఉండేవాళ్లు.

మన క్లబ్‌కి నా ప్రతిపాదన ఒకటే. ప్రతి సంచికలో ఒక పేజీ, డచ్ వాక్యం పక్కన తెలుగు వాక్యం, మధ్యలో ఇంగ్లీషు లేకుండా. మొదటి నాలుగు పేజీలు నేను రాసి ఇస్తాను. అచ్చుకి పంపే ముందు చదివి, అర్థం కాని చోటల్లా ఎర్ర పెన్నుతో గీత పెట్టడానికి మిర్యాలగూడ వాడు ఒప్పుకున్నాడు.