చుక్కల నార్పుచున్న దీపములు

వివాహవేదిక దిగిన వధూవరులకు పురోహితుడు అరుంధతీ నక్షత్రమును జూపుట మన యిండ్లలో ననాదిగా వచ్చుచున్న యాచారము. నేడా తంతు ఎట్లు జరుగుచున్నదో పెండ్లికి బోయినవారెల్ల నెరుగుదురు. పురోహితుడు వ్రేలెత్తి చూపును. ఆ వ్రేలు చూపినచోట పందిటిగుడ్డయో, విద్యుద్దీపముల తోరణమో, ఫోటోగ్రాఫరు నిలిపిన వెలుగుగొడుగో యుండును. ‘కనబడినదా?’ యని యాయన యడుగును. ‘కనబడిన’దని వారు తలయూపుదురు. దాంపత్యములో నిద్దరును గలిసి యాడు మొదటి అబద్ధ మిదియే గదాయని మా మిత్రుడొకడు పరిహాసమాడగా మేమును నవ్వితిమి. నవ్విన పిమ్మట గొంత సిగ్గు గలిగినది.

అరుంధతి యెక్కడికిని బోలేదు. సప్తర్షి మండలమున వసిష్ఠుని చెంతనే యున్నది. అయితే వసిష్ఠుడు రెండవ తరగతి ప్రకాశము గలవాడు. అరుంధతి నాల్గవ తరగతిది. చీకటి యాకాశమున మనుష్యనేత్రము ఆరవ తరగతి చుక్కలను గూడ జూడగలదు. మహానగర మధ్యమున నిలిచినవానికి మూడవ తరగతి చుక్కలే దుర్లభము. కావున పట్టణపు టాకాశమున వసిష్ఠు డొంటరివాడైనాడు. పిల్లలకోడి యని మన పల్లెవాండ్రు పిలుచు కృత్తికలు ఒక మసకమచ్చగా మారినవి. పాలపుంత యన్నమాట నిఘంటువులలో మిగిలినది. కృత్తికల పేరిట కార్తికమును, మృగశిర పేరిట మార్గశిరమును లెక్కించుచు, కార్తెలనుబట్టి విత్తనములు చల్లిన జాతికి ఆ నక్షత్రములు పంచాంగమున అక్షరములుగా మాత్రమే తెలియుట చిన్న నష్టమని మేము తలపజాలము.

2024వ సంవత్సరము అక్టోబరు మాసమున త్సుచిన్షాన్–అట్లాస్ అను తోకచుక్క సాయంకాలములందు పశ్చిమదిక్కున గానవచ్చిన సంగతి పాఠకులకు జ్ఞాపకముండును. పూర్ణిమ గడచిన మూడవనాడు, చంద్రోదయమునకు ముందు, మేము నలుగురము పిల్లలను వెంటబెట్టుకొని మేడ యెక్కితిమి. శుక్రుడు దేదీప్యమానముగా నున్నాడు. అతనికి బైభాగమున ఎంత వెదకినను బొగమంచువంటి తెల్లదనము దప్ప మరేమియు లేదు. ఎదుటి మేడమీది ప్రకటన పలక యొకటి మూడు రంగులు మార్చుచు మా ముఖములపై వెలుగు జల్లుచుండెను. పిల్లలు కొంతసేపు తోకచుక్కను వెదకి, తరువాత ఆ పలకనే చూచుచు నిలిచిరి. అదేరాత్రి పండ్రెండు మైళ్ల దూరమున చెరువుగట్టు మీద నిలిచిన మా చందాదారుడొకడు దుర్భిణి లేకయే దానిని తోకతోసహా చూచితినని యుత్తరము వ్రాసినాడు. ఆ చుక్క మరల రాదు. వచ్చినను మన మనుమల మనుమలు గూడ నుండరు.

ఈ తెల్లదన మెక్కడిది? మనము వీధికొరకు వెలిగించిన కాంతిలో గొంతభాగము వీధిమీద బడక పైకి బోవును. గాలిలోని యణువులును, ధూళియు, తేమయు దానిని జెదరగొట్టి తిరిగి మన కన్నులమీదికి బంపును. పగటియాకాశము నీలముగా నుండుటకు హేతువేదో యిక్కడను అదియే పనిచేయును. అనగా ఎరుపు పసుపుల కంటె నీలికాంతి మిక్కిలిగా జెదరును. ఇప్పుడు వీధివీధికిని వచ్చిన తెల్లని ఎల్.ఇ.డి. దీపములలో నీ నీలిపాలు హెచ్చు. పాత సోడియం దీపము పసుపుపచ్చగా నుండి కంటికి వికారముగా దోచినను, చుక్కలకు దానివలన గలిగిన బాధ తక్కువ.

2016లో శాస్త్రజ్ఞులు ప్రకటించిన భూగోళ పటము ననుసరించి లోకజనులలో నూటికి 80 మందికి పైగా నిట్టి మలినాకాశము క్రిందనే వసించుచున్నారు. మూడవవంతు మందికి పాలపుంత కనబడదు. 2023లో వెలువడిన మరియొక పరిశీలనము ఇంకను భయంకరమైనది. 2011 మొదలు 2022 వరకు వేలకొలది సామాన్యులు తమ కన్నులతో జూచి పంపిన లెక్కలనుబట్టి, ఆకాశపు వెలుగు ఏటేట నూటికి 9.6 వంతున బెరుగుచున్నదట. 250 చుక్కలు గనబడు తావున నేడు పుట్టిన శిశువు పదునెనిమిదేండ్ల వాడగునప్పటికి అదే తావున 100 చుక్కలను మాత్రమే చూడగలడని వారు గణించిరి. ఇది దూరపు భవిష్యత్తు గాదు; ఒక బాలుడు చదువు ముగించు కాలము.

తెలుగునాట ఖగోళవిద్య దిక్కులేనిది గాదు. విశాఖపట్టణమున గొడే వెంకట జగ్గారావుగారు 1840లో తమ సొంతధనముతో వేధశాల నెలకొల్పిరి. వారి యల్లుడు అంకితము వెంకట నృసింగరావుగారు అచ్చటినుండియే 1874లో శుక్రుడు సూర్యబింబమును దాటుటను బరిశీలించిరి. ఆ ప్రదేశము నేటి డాబాగార్డెన్సు. సాయంకాలము అచ్చట నిలిచి తలయెత్తినవారికి మా మాట విశదమగును. హైదరాబాదున నవాబు జఫర్ జంగు 1901లో స్థాపించిన నిజామియా వేధశాల 1908లో నిజాము ప్రభుత్వము క్రిందికి వచ్చి, బేగంపేటలో నిలిచి, అంతర్జాతీయ నక్షత్రపటమునకై 7 లక్షల 60 వేలకు పైగా నక్షత్రముల స్థానములను గొలిచి గ్రంథములుగా బ్రకటించినది. ఇంతటి పని జరిగిన బేగంపేటనుండి నగరపు వెలుగు తరుమగా, 48 అంగుళముల దుర్భిణిని దూరమున జాపాల, రంగాపురము గ్రామములకడ 1968లో నిలుపవలసివచ్చెను. 1980 ఫిబ్రవరి 16వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణమును అచ్చటినుండి పరిశీలించిరి. నగరమో, దాని వెంటబడి అటువైపునను బెరిగినది. తండ్రి యుద్యోగమువలన నీ నిజామియా వేధశాల నీడనే పెరిగిన వేణు బాప్పు చీకటిని వెదకికొనుచు తమిళదేశపు జవ్వాది కొండలలో కావలూరును జేరినాడు. విద్య వెలుగును భయపడి పారిపోవుట యెంత వింత!

దీపము లేనిచో దొంగలు ప్రబలుదురు, స్త్రీలు వీధిలో నడువజాలరు అని యొక యాక్షేపణ గలదు. ఇది త్రోసిపుచ్చదగినది గాదు. రాత్రి పనినుండి యింటికి వచ్చు స్త్రీకి వీధిలో వెలుగు కావలయును. ఆమెకు మేము చీకటిని బోధింపము. కాని యామెకు గావలసిన వెలుగు కాళ్లముందు, మేఘములమీద గాదు. కంటిలో నేరుగా బొడుచు దీపమువలన దానివెనుక నిలిచిన మనిషి మరింత మరుగునబడును. ఎదురుగా వచ్చు మోటారు దీపము తాకినవాని కీ సంగతి వేరుగ జెప్పనక్కరలేదు. దీపమునకు బైన టోపీయుంచి కాంతిని క్రిందికి ద్రిప్పినచో తక్కువ విద్యుత్తుతో హెచ్చు వెలుగు దారిమీద బడును. ఇందులో భద్రతకును చుక్కలకును వైరమేమున్నది?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ధ్వంసము చేసిన పిమ్మట నగరమంతటను ఎల్.ఇ.డి. దీపములను నిలిపిరి. వ్యయము తగ్గినది; సంతోషము. అయితే దీపము చౌకయైనకొలది, ఒకటి వెలిగించినచోట మూడు వెలిగించుట మానవస్వభావము. వంతెనలకు రంగులు, చెట్లకు తీగలు, కొండకు కిరీటములు వచ్చినవి. చెట్టు చేసిన పాపమేమో మాకు దెలియదు; రాత్రియంతయు దానికి నిద్రలేదు. సముద్రతీరపు దీపములవలన గలుగు హాని మరియు ఘోరము. చలికాలము మొదలుకొని మన తీరమున ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలో గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు పగిలి రాత్రివేళ బయల్వెడలిన పిల్ల, మిక్కిలి వెలుగుగా నున్న దిక్కే సముద్రమని నమ్మి నడచును. కోట్లయేండ్లుగా ఆ నమ్మకము దానిని మోసగింపలేదు. నేడది రోడ్డుదీపమువైపు నడచి చక్రములక్రింద బడుచున్నది.

ఉపాయము లోకమున లేనిది గాదు. అమెరికాదేశమున ఫ్లాగ్‌స్టాఫ్ అను పట్టణము 1958లోనే ప్రకటన సంబంధమైన శోధక దీపములను నిషేధించెను. ఫ్రాన్సు ప్రభుత్వము 2018 డిసెంబరులో కాంతిబాధపై శాసనము చేసి దుకాణముల కిటికీదీపములకు గూడ వేళ నిర్ణయించినది. మనదేశముననే లడఖునందలి హాన్లే ప్రాంతమును 2022 డిసెంబరులో చీకటియాకాశ రక్షితప్రదేశముగా బ్రకటించిరి. అచ్చటి గ్రామస్థులు కిటికీలకు దట్టమైన తెరలు వేసికొని, వచ్చిన యాత్రికులకు దుర్భిణిలో నక్షత్రములు చూపి జీవనము సంపాదించుచున్నారు. చీకటి వారి కాస్తియైనది. నీటికి 1974లో, గాలికి 1981లో చట్టములు వచ్చినవి. ధ్వనికి 2000లో నియమము లేర్పడినవి. రాత్రికి మాత్రము దిక్కులేదు.

పురపాలక సంఘములవారిని మేము కోరునది బహుస్వల్పము. క్రొత్తగా గొను ప్రతి వీధిదీపమును పైకి వెలుగు బోనియ్యనిదిగా నుండవలయును. దాని వర్ణము 3,000 కెల్విను మించరాదు. ప్రకటన పలకలు రాత్రి పదకొండు గంటలకు ఆరిపోవలయును. తాబేళ్లు గ్రుడ్లు పెట్టు మాసములలో తీరపు దీపములకు సముద్రమువైపు మరుగు గట్టవలయును. ఈ మూటికిని క్రొత్త ధన మక్కరలేదు. కొనుగోలు పత్రమున రెండుపంక్తులు చేర్చిన జాలును. పెద్దమనుష్యులు తమ గృహప్రవేశములకును, జన్మదినములకును ఆకాశమును గాల్చు కిరణయంత్రములను దెప్పించుట మానినచో మరియు మేలు. కార్తికమాసమున మన గుడులలో ధ్వజస్తంభముపై వ్రేలాడు ఆకాశదీపము పేరునకు మాత్రమే యాకాశమునది; చిల్లుల పాత్రలో నొక నూనెవత్తి. దానివలన నొక్క చుక్కయు నెన్నడు నారలేదు.

పరులకు జెప్పుటకు ముందు మా పఠనమందిరమునే చూచుకొంటిమి. వాకిట నామఫలకముపైన టోపీలేని దీపమొకటి సంధ్యమొదలు తెల్లవారువరకు వెలుగుచున్నది. పదేండ్లుగా దాని నెవ్వరును గమనింపలేదు. రేకుపనివానిని బిలిపించితిమి. అతడు పాత నూనెడబ్బా రేకు కత్తిరించి టోపీ చేసి బిగించి, తన కూలి పుచ్చుకొని పోయినాడు. తొమ్మిదిగంటలకు తలుపు వేయునప్పుడు దీప మార్పివేయుమని కాపలావానికి జెప్పితిమి. ఫలకముమీది యక్షరములు మునుపటికంటె స్పష్టముగా గనబడుచున్నవి. ఎదుటి మేడమీది ప్రకటన పలక యజమానికి జాబు వ్రాసితిమి. ప్రత్యుత్తర మింకను రాలేదు.